జాడదీపం

కుడిచెయ్యి వణుకుతున్న సంగతి నీడకు తెలియకూడదని వకుళ ఎడమచేత్తో తలుపులు తీయడం మొదలుపెట్టింది. కాఫీ గ్లాసు కూడా ఎడమచేత్తోనే అందుకునేది. పళ్ళు తోముకునేటప్పుడు మోచేతిని వాష్‌బేసిన్ అంచుకు ఆనించుకునేది. మనుషులెవరైనా చూస్తే ఏదో కొత్త అలవాటు అనుకుని ఊరుకుంటారు. తలుపు పిడి అలా ఊరుకోదు, గ్లాసు ఊరుకోదు. వాటికి అలవాటు మారడం కూడా ఒక సమాచారమే.

ఆ రోజుల్లో విశాఖపట్నంలో నీడ లేని వస్తువంటూ లేదు. పూర్వం కంప్యూటర్లో కూర్చుని ఫైళ్ళు తెరవడం, మూయడం వరకే చేసిన నిర్వహణ వ్యవస్థ, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, మెల్లమెల్లగా గోడల్లోకీ గిన్నెల్లోకీ మంచాల్లోకీ పాకింది. ఎండలో మనిషికి దొరికే ఆసరా అన్న అర్థంలో, దాన్ని తయారుచేసిన వితానం సంస్థ నీడ అని పేరు పెట్టింది. పరుపు ఎంత మెత్తగా ఉండాలో, స్నానానికి నీళ్ళు ఎంత వెచ్చగా ఉండాలో, పొద్దున్నే ఏ కిటికీ తెరవాలో అదే చూసుకునేది. అన్నీ చూసుకోవాలంటే అన్నీ తెలియాలి. అందుకని అడుగు బరువు, వేళ్ళ ఒత్తిడి, ఊపిరి వేగం, రాసిన మాట, రాసి చెరిపేసిన మాట, ఏదీ వదలకుండా సేకరించేది. మొదట్లో కొందరు భయపడ్డారు, సభలు పెట్టి మాట్లాడారు. ఆ తర్వాత పరుపు మెత్తదనానికి అలవాటుపడ్డారు.

అలవాటుపడని కొద్దిమందిలో వకుళ ఒకతె. ఆమె కాంతి భౌతికశాస్త్రవేత్త. సముద్రానికి ఎదురుగా కొండమీదున్న పరిశోధనశాలలో ఆమె ఉద్యోగం. వెంట్రుక కన్నా సన్నని కాంతితీగలను ఒకదానికొకటి అతికించడంలో ఆమె చెయ్యి పెట్టింది పేరు. ఆ చెయ్యే వేసవిలో వణకడం మొదలైంది. ఆమె తండ్రికి కూడా దాదాపు అదే వయసులో మొదలై, చివరికి అన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్ళలేని స్థితికి వచ్చాడు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ఆయన బల్లలో కూడా నీడే ఉంటుంది. అందుకని వెళ్ళలేదు. భర్త కమలాకర్‌కు కూడా చెప్పలేదు.

అయినా ఎవరికో తెలిసినట్టే ఉంది. పరిశోధనశాలలో ఆమెతో పాటు ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న సాల్మన్ రాజు, తీగలు అతికే పని కుర్రవాళ్ళకు అప్పగించి, ఆమెను రిపోర్టులు రాయమన్నాడు. ఆమె కుర్చీ మార్చి చేతులు ఆనించుకునే కుర్చీ వేయించాడు. ఎందుకని అడిగితే, కొత్తవి వచ్చాయి కదా అని తేల్చేశాడు. ఏ పనీ అడక్కుండానే తేలికవుతూ ఉంటే వకుళకు అనుమానం వచ్చింది. వితానం వాళ్ళు తన చేతి సంగతి చదివి పరిశోధనశాలకు అమ్మేశారని ఆమె నిశ్చయానికి వచ్చింది. రేపు ఎవరికి అమ్ముతారో తెలియదు.

ఒకరోజు మధ్యాహ్నం ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు సూటిగా నీడనే అడిగింది.

"నా సమాచారం ఎవరెవరు చూశారు?"

"మీరు సమ్మతించినవాళ్ళే చూశారు," అంది నీడ. దాని గొంతు ఎప్పుడూ తొందర లేని ఆడగొంతు.

"వాళ్ళెవరో పేర్లు చెప్పు."

"చెప్పకూడదు. మీకెంత గోప్యత ఉందో చూసినవాళ్ళకీ అంతే ఉంది. వాళ్ళు ఏం చూశారన్నది వాళ్ళ సొంత విషయం."

తన ఒంటి మీద చెయ్యి వేసినవాడి పేరు అడిగితే, ఆ చెయ్యి వాడిది కాబట్టి చెప్పనన్నట్టు తోచింది వకుళకు. ఆ కోపంలోంచే జాడదీపం పుట్టింది.

దాని సూత్రం నిజానికి కష్టమైనదేమీ కాదు. నీడ సేకరించిన సమాచారమంతా కాంతిరూపంలో, స్ఫటికాల్లో, మనిషికొక గడి చొప్పున ఉండేది. ఆ గడికి ఏ తాళం వేసుకోవాలన్నది ఆ మనిషి ఇష్టమని చట్టం. వకుళ తన గడిలోని ప్రతి కాంతికణానికీ ఒక జంటకణాన్ని తయారుచేసింది. క్వాంటమ్ లోకంలో అలాంటి రెండు కణాలు ఎంత దూరంలో ఉన్నా ఒకదానికొకటి ముడిపడే ఉంటాయి. అక్కడ కణాన్ని ఎవరైనా చదివితే ఆ ముడి తెగుతుంది. చదవడమంటేనే ముట్టుకోవడం, ముట్టుకోకుండా చదివే ఉపాయం ప్రకృతిలోనే లేదు. ముడి తెగిన సంగతి ఇక్కడున్న జంటకణాలను అక్కడివాటితో సరిపోల్చి పరీక్షిస్తే తెలిసిపోతుంది. ఇక చదవాలంటే ఎవరి తాళంచెవి వాళ్ళు వాడాలి కాబట్టి ఆ చెవి గుర్తు కూడా దొరుకుతుంది. మణికట్టుకు కట్టుకునే చిన్న బిళ్ళలో ఇదంతా అమర్చింది. లిఫ్టో ఫ్యానో తన పని కోసం చదివితే బిళ్ళ నీలంగా మినుకుమంటుంది. మనిషి కన్ను చదివితే ఎర్రగా వెలిగి, ఆ మనిషి పేరు చూపిస్తుంది.

నీడ చొరబడని పాత గది ఒకటి పరిశోధనశాలలో మిగిలి ఉంటే అక్కడ కూర్చుని వకుళ, సాల్మన్ ఇద్దరూ పనిచేశారు. తీగలు సాల్మన్ అతికించాడు. ఆమె పక్కన కూర్చుని చెప్పింది. మధ్యలో అతను ఏదో అనబోయి మానేయడం ఆమె రెండుమూడుసార్లు గమనించింది, కానీ అడగలేదు.

బిళ్ళ కట్టుకున్న మొదటి రోజుల్లో నీలం తప్ప ఏమీ వెలగలేదు. తలుపు తీస్తే నీలం, మంచమెక్కితే నీలం. వకుళకు ఆకలి చచ్చిపోయింది. అన్నం తింటున్నా, ఎవరితోనైనా మాట్లాడుతున్నా కళ్ళు మణికట్టు మీదే ఉండేవి. వితానం వాళ్ళకు అనుమానం వచ్చి జాగ్రత్తపడ్డారేమోనని వాళ్ళ కార్యాలయానికే వెళ్ళింది. సమాచార విభాగానికి పెద్దయిన నసీమా అనే ఆవిడ మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చింది. బిళ్ళ వైపు ఒకసారి చూసి, అదేమిటని మాత్రం అడగలేదు. ఎర్రదీపం అక్కడా వెలగలేదు.

ఒక ఆదివారం పొద్దున కమలాకర్ వంటింట్లో పెసరట్లు వేస్తున్నాడు. వకుళ హాల్లో కూర్చుని అల్లం పచ్చడి గిన్నె మూత తీస్తోంది. మణికట్టు మీద ఎరుపు వెలిగింది. చూసింది. కమలాకర్ అని ఉంది.

ముందు అర్థం కాలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు కాబట్టి యంత్రం పొరబడిందేమో అనుకుంది. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది. అతను ఒక చేత్తో అట్లకాడ పట్టుకుని, పొయ్యి పక్కనున్న తెర వైపు వంగి ఉన్నాడు. తెరమీద ఒక గీత పైకీ కిందకీ వణుకుతోంది. పచ్చడి గిన్నె మూత ఆమె ఎలా తీసిందో ఆ గీత చెబుతోంది.

"ఏం చూస్తున్నావు?" అంది.

అతను ఉలిక్కిపడి తెర మూసేశాడు. "వాన వస్తుందేమోనని..."

ఆమె మణికట్టు ముందుకు చాపింది. అతను తన పేరు తానే చదువుకున్నాడు. పొయ్యి ఆర్పేశాడు. పెనం మీద అట్టు అలాగే ఉండిపోయింది.

"వేసవి నుంచీ అప్పుడప్పుడూ చూస్తున్నాను," అన్నాడు.

"నన్ను అడగొచ్చుగా."

"అడిగితే ఏమీ లేదంటావు. అది అలా అనదు."

పెళ్ళి రిజిస్టరైన రోజున కుటుంబ సమ్మతి అని ఒకటి ఇద్దరూ ఇచ్చారు. అందరూ ఇచ్చేదే. పసిపిల్లల జ్వరాలు, పెద్దవాళ్ళు కాలుజారి పడటం వెంటనే తెలియాలని పెట్టిన ఏర్పాటు అది. ఇంట్లో ప్రతివాళ్ళకీ నీడలో కుశలం అని ఒక పుట ఉంటుంది. దాన్ని ఇంట్లో మిగతావాళ్ళు తెరిచి చూడవచ్చు. ఉందని అందరికీ తెలుసు. తమ ఇంట్లో ఎవరూ తెరవరని కూడా అందరికీ నమ్మకమే.

సాల్మన్‌కు చెప్పింది కూడా కమలాకరే. తీగల పని తప్పించమనీ, కుర్చీ మార్చమనీ, తన పేరు బయటపెట్టవద్దనీ బతిమాలాడట. ఈ మాట విన్నాక వకుళ ఆ పూట ఏమీ తినకుండా పరిశోధనశాలకు వెళ్ళిపోయింది. సెలవురోజు కాబట్టి అక్కడెవరూ లేరు. కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చుంది. వితానం మీదైతే ఎలా కోపపడాలో ఆమెకు తెలుసు. తనను చూసి భయపడి, ఆ భయం దాచుకుని, తన కోసం అట్లు వేస్తున్న మనిషి మీద ఎలా కోపపడాలో తెలియలేదు.

అంతకన్నా ఆమెను కుదురుగా కూర్చోనివ్వని విషయం ఇంకొకటి ఉంది. మచిలీపట్నంలో ఓడల నిర్మాణం చదువుతున్న కూతురు రేవ కుశలం పుటను తాను రోజూ పొద్దున్నే తెరుస్తుంది. నిద్ర ఎంతసేపు పోయింది, గుండె ఎలా కొట్టుకుంది చూస్తుంది. యువతలో దిగులు ముందుగా కనిపెట్టడానికని ఆ పుటలో చెరిపేసిన రాతలు కూడా చేర్చారు. అవీ చదువుతుంది. "అమ్మా, నాకిక్కడ ఎవరూ" అని రాసి రేవ చెరిపేసిన వాక్యం చదివిన రోజున, ఏమీ ఎరగనట్టు ఫోన్ చేసి, ఎవరైనా స్నేహితులయ్యారా అని అడిగింది. దాన్ని చూడటం అని ఆమె ఎన్నడూ అనుకోలేదు. తల్లి అన్నాక పట్టించుకోదా అనుకుంది.

మర్నాడు సాల్మన్ తల వంచుకుని వచ్చాడు. క్షమించమని ఒక్కసారే అని, జాడదీపం సంగతి ఏం చేద్దామని అడిగాడు. ఇంట్లో ఏం జరిగినా జనానికి ఆ హక్కు ఉండాల్సిందే అంది వకుళ. అన్నది మనస్ఫూర్తిగానే. సమాచార హక్కుల న్యాయస్థానం వాళ్ళ వాదన విని, కోరిన ప్రతివాళ్ళకూ జాడదీపం ఉచితంగా ఇవ్వాలని తీర్పు చెప్పింది. వితానం ఎదురు వాదించకపోవడం అందరికీ వింతగా తోచింది.

నెల తిరక్కుండా ఊరంతా ఎర్రదీపాలు వెలిగాయి. వితానం ఉద్యోగి పేరు ఒక్క బిళ్ళమీదా కనబడలేదు. సర్కారువాళ్ళ పేర్లు కూడా ఎక్కడో ఒకటీ అరా తప్ప లేవు. కనబడ్డవన్నీ ఇంట్లోవాళ్ళ పేర్లే. అత్త కోడలి నిద్ర చూస్తోంది. అన్న తమ్ముడి తాగుడు చూస్తున్నాడు. నిశ్చితార్థం రోజే కుటుంబ సమ్మతి పుచ్చుకున్న కుర్రవాడు, కాబోయే భార్య పాత ఉత్తరాల్లో చెరిపేసిన పేరు వెతుకుతున్నాడు. బస్సుల్లో, ఆఫీసుల్లో మనుషులు ఉన్నట్టుండి మణికట్టు చూసుకుని మొహం మాడ్చుకునేవాళ్ళు. గుట్టుగా సాగిన కాపురాలు వీధిన పడ్డాయి. ఏళ్ళ తరబడి ఒకరినొకరు చూస్తూ వచ్చినవాళ్ళు ఇప్పుడు ఎదురుపడితే తలలు తిప్పుకుంటున్నారు.

ఒకరోజు గాజువాక నుంచి ఒక పెద్దాయన బిళ్ళ పట్టుకుని పరిశోధనశాలకు వచ్చాడు. భార్య పోయింది, ఇద్దరు కొడుకులూ కోడళ్ళూ అదే ఇంట్లో ఉన్నారని చెప్పాడు.

"ఇది ఎర్రగా ఎలగట్లేదమ్మా. నీలమే ఎలుగుతోంది. పాడైనట్టుంది, కాస్త సూడండి," అన్నాడు వకుళతో.

సాల్మన్ లోపలికి తీసుకెళ్ళి పరీక్షించాడు. బిళ్ళ చక్కగా పనిచేస్తోంది. ఆయన పుటను ఇంతవరకూ ఎవరూ తెరవలేదు, అంతే. బయటికి వచ్చి ఆ మాట చెప్పలేక, పాడైన మాట నిజమేనని ఇంకో బిళ్ళ ఇచ్చి పంపేశాడు. పెద్దాయన దండం పెట్టి, కొత్త బిళ్ళను పైకెత్తి చూసుకుంటూ మెట్లు దిగాడు. వకుళ ఆయన కనుమరుగయ్యేదాకా గుమ్మంలోనే నిలబడిపోయింది.

రేవకు బిళ్ళ చేరినప్పటి నుంచీ వకుళ ఆమె పుట తెరవడం మానేసింది. చెయ్యి అలవాటుగా తెర మీదకు వెళ్ళేది, వెనక్కి తీసుకునేది. కూతురు బాగానే ఉందని తెలియకపోతే రోజంతా ఎవరో పిలుస్తున్నట్టే ఉండేది. కమలాకర్ కూడా ఆమెది చూడటం మానేశాడు. మానేసినవాడు ఇప్పుడు నేరుగా ఆమె చేతిని చూస్తున్నాడు. ఆమె గ్లాసు తీసుకుంటుంటే గదిలో మాటలు ఆగిపోయేవి. అడగాలని అతనికీ ఉంది, చెప్పాలని ఆమెకూ ఉంది. మొదటి మాట ఎవరికీ రాలేదు.

కార్తీకంలో మచిలీపట్నం వైపు తుఫాను వస్తోందన్నారు. వకుళ రేవకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. సాయంత్రం దాకా ఓర్చుకుంది. గాలివేగం పెరిగిందన్న వార్త విన్నాక ఇక ఆగలేక పుట తెరిచింది. గుండె నిదానంగా కొట్టుకుంటోంది. పిల్ల ఎక్కడో వెచ్చగా కూర్చుని ఉంది. వకుళ ప్రాణం లేచొచ్చింది. మూయవలసింది. మూయకుండా కిందికి జరిపి చెరిపేసిన రాతలు చూసింది. అప్పుడే ఫోన్ మోగింది.

"అమ్మా, ఎర్రగా వెలిగింది," అంది రేవ.

"ఫోన్ ఎత్తలేదు కదా. భయం వేసింది."

"ఇక్కడ సిగ్నల్ వచ్చి పోతోంది. అది సరే. ఇదే మొదటిసారా?"

"అవును," అంది వకుళ.



"స్నేహితులయ్యారా అని ఆరోజు ఎందుకడిగావో ఇప్పుడర్థమైందమ్మా," అంది రేవ. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని వకుళకు అనిపించింది. మీ నాన్న నాది చూడలేదా, మనందరం ఒకటే కదా అని ఏదో సర్దిచెప్పబోయింది. రేవ విన్నది. జాగ్రత్తగా ఉంటాను, నువ్వూ జాగ్రత్త అని పెట్టేసింది. ఆ తర్వాత రేవ నుంచి వచ్చే ఉత్తరాలు పొందికగా, ఆఫీసు కాగితాల్లా ఉండేవి.

జనంలో అలజడి పెరిగింది. ఊరేగింపులు మొదలయ్యాయి. ప్రజాభిప్రాయం సేకరిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ప్రశ్నలు రెండే. నీడ సమాచారం సేకరించడం ఆపాలా? జాడదీపాలు ఆర్పాలా? ఇంత జరిగాక జనం సేకరణే వద్దంటారని, పాతకాలం కంప్యూటర్లలా మళ్ళీ గుడ్డి యంత్రాలు వస్తాయని సాల్మన్ సంబరపడ్డాడు. వోటింగుకు ముందురోజు నసీమా ఫోన్ చేసింది. ఆమె గొంతులో గెలిచినవాళ్ళ ఉషారు లేదు. అలసట ఉంది.

"మేము ఎందుకు వాదించలేదో ఇప్పటికైనా తెలిసిందా మేడమ్? మా మనుషులు ఎవరివీ చూడరు. చూడాల్సిన అవసరం మాకెప్పుడూ రాలేదు. నీడ కొనేవాళ్ళు పరుపుల కోసం కొనరు. కుశలం పుట కోసం కొంటారు."

వకుళ ఫోన్ పెట్టేసింది. మర్నాడు వోటువేసే గదిలోకి వెళ్ళేటప్పుడు ఆమె మనసులో ఏ తటపటాయింపూ లేదు. సేకరణ ఆగాలి, దీపాలు ఉండాలి. తెర ముందు నిలబడింది. సేకరణ ఆగిపోతే రేపు పొద్దున రేవ ఎలా ఉందో ఎవరు చెబుతారు? రేవ చెప్పదు. వకుళ కుడిచెయ్యి గట్టిగా వణికింది. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని రెండు మీటలు నొక్కింది. సేకరణ ఆపవద్దు. దీపాలు ఆర్పాలి.

బయట ఎదురుచూస్తున్న సాల్మన్ ఏమీ అడక్కుండానే ఆమెతో చేతులు కలిపాడు. ఇంటికి వెళ్ళాక కమలాకర్ అడిగాడు. అనుకున్నట్టే వేశానంది. అతను కూడా అలాగే వేశానన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఫలితాలు వచ్చాయి. సేకరణ కొనసాగాలని ఎక్కువమంది అన్నారు. దీపాలు ఆర్పాలని అంతకన్నా ఎక్కువమంది అన్నారు. సాల్మన్ ఆ రోజంతా పాత గదిలోంచి బయటికి రాలేదు. తమను చూడవద్దని ఈ జనం అడగలేదనీ, చూస్తున్నట్టు ఎదుటివాళ్ళకు తెలియకూడదని మాత్రమే అడిగారనీ వకుళకు అర్థమైంది. వాళ్ళలో తానూ ఉంది కాబట్టి ఎవరినీ ఏమీ అనలేకపోయింది.

దీపాలు ఆర్పేసిన రోజు మధ్యాహ్నం ఆమె సముద్రపు ఒడ్డున నడిచే ట్రామ్‌లో ఇంటికి వస్తోంది. పెట్టె నిండా మనుషులు. అందరూ మణికట్ల వైపే చూస్తున్నారు. నీలంగా మినుకుమంటున్న బిళ్ళలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెట్టెలో అందరూ ఒకేసారి ఊపిరి వదిలిన చప్పుడు మాత్రం వినిపించింది. తర్వాత ఒక్కొక్క తలే తెరల మీదకు వంగింది.

వకుళ పక్కన కూర్చున్న ముసలమ్మ మనవరాలి పుట తెరిచి తృప్తిగా చూసుకుని, మాటలు కలిపింది.

"ఎవులో చదువుకున్నావిడ కనిపెట్టిందట తల్లీ ఈ దీపం. ఆవిడికి పిల్లల్లేరేటో పాపం."

"ఉంది. ఒక కూతురు," అంది వకుళ.

"ఉందా? మరి ఆవిడ ఎలా ఊరుకుంటాదమ్మా సూడకుండా?"

వకుళ సముద్రం వైపు తిరిగింది. ఈ క్షణాన తన పుట ఎవరైనా తెరిచారేమో ఇక తెలిసే దారి లేదని తట్టింది. నల్లబడ్డ బిళ్ళను చొక్కా చేతి కిందికి తోసేసి, సంచిలోంచి తెర తీసి, రేవ పుట తెరిచింది. నిద్ర బాగానే పట్టింది. గుండె మాత్రం కాస్త వేగంగా కొట్టుకుంటోంది. కిందికి జరిపింది. చెరిపేసిన రాతల్లో ఆరోజుది ఒక్కటే వాక్యం ఉంది. దీపాలు ఆరిన నిమిషంలోనే రేవ నీడను అడగబోయి, అడగకుండా చెరిపేసుకున్న ప్రశ్న అది.

"అమ్మ ఇప్పుడు చూస్తోందా?"

వకుళ దాన్ని మళ్ళీ చదివింది. తాను దిగవలసిన స్టాపు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆమె లేవలేదు, పుట మూయలేదు.